మేమంటే ఎవరెవరు

మా ఆయన కారు నడపడం నేర్పుతాడు. ఏ వీధి ఎటు తిరుగుతుందో, ఏ పేటలో వాన పడితే నీళ్ళు నిలుస్తాయో, ఎక్కడ బండి పెట్టుకోవడానికి జాగా దొరకదో ఆయనకు కొట్టిన పిండి. అందుకే అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు నేను కంగారు పడలేదు. ఇంత మహానగరంలో ఎక్కడుండాలో చూడ్డానికి ఇంతకన్నా తగిన మనిషి ఎక్కడ దొరుకుతాడు అనుకుని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంటాయన ఆ పాత ఇల్లు పడగొట్టి మేడ కడతాడట. వానలు మొదలయ్యేలోగా వెళ్ళిపొమ్మన్నాడు. ఉన్నది ముగ్గురం: నేను, మా ఆయన, మా అత్తయ్య. నేను అడిగింది ఒక్కటే. పొద్దున్నే నడిచో, మహా అయితే ఒక్క బస్సెక్కో, నేను బజారులోని మా ల్యాబుకు చేరగలగాలి. మిగతావన్నీ, గాలీ వెలుతురూ మెట్లూ పంపూ, వాళ్ళ ఇష్టానికే వదిలేశాను.

నేను పళ్ళు చేస్తాను. నవ్వకండి. డాక్టర్లు పళ్ళు పీకుతారు, కొత్తవి చేసేది మాలాంటి వాళ్ళం. నోట్లో మెత్తటి ముద్ద పెట్టి తీసిన అచ్చు తడిగుడ్డలో చుట్టి పొద్దున్నే మాకు పంపిస్తారు. ఆ ముద్ద ఆరితే ముడుచుకుపోతుంది. ముడుచుకోకముందే అందులో ప్లాస్టర్ కలిపి పొయ్యాలి. ఆలస్యమైతే అచ్చు పాడు, ఆ అచ్చుతో చేసిన పళ్ళు పాడు, అవి పెట్టుకున్న ముసలాయన అన్నం తినలేక మమ్మల్ని తిట్టుకుంటాడు. కాబట్టి మా పనిలో పొద్దున తలుపు తీసే మనిషే అసలు మనిషి.

ఇన్నాళ్ళూ ఆ తలుపు తీసింది ల్యాబు యజమాని. అందరం పెద్దాయన అంటాం. ఆయనకు చూపు మందగించింది. పంటి రంగు కలపడం నాకు వదిలేసి చాలాకాలమైంది. ఒకరోజు మైనం కరిగిస్తూ, తల ఎత్తకుండా, "వానాకాలం నుంచి నేను రానమ్మా. పొద్దున్నే వచ్చి తలుపు తీస్తానంటే ల్యాబు నువ్వు నడుపుకో. కాదంటే అమ్మేస్తాను. ఆలోచించుకుని చెప్పు" అన్నాడు. ఆలోచించుకోవడానికేముంది? పెళ్ళికి ముందు నుంచీ ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. ఒక మనిషి జీవితంలో ఇలాంటి మాట ఎన్నిసార్లు వింటుంది? ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబితే మా ఆయన నాకన్నా ఎక్కువ సంబరపడ్డాడు. "నువ్వెక్కడంటే అక్కడే. అయితే బజారుకు దగ్గర్లోనే వెతకాలి" అన్నాడు. ఆ మాట అన్నది ఆయనే. ఎవరూ నోట్లో పెట్టి పలికించలేదు.

ఇక ప్రతి ఆదివారం ఇళ్ళు చూడ్డమే పని. నేర్పుడు కారుకు సెలవు కాబట్టి దాంట్లోనే వెళ్ళేవాళ్ళం.

ముందు కొండ మీది పేట చూశాం. గాలి బాగుంది కానీ మెట్లెక్కేసరికి అత్తయ్య నడుం పట్టుకుని కూలబడింది. అది నేనే వద్దన్నాను. నది పక్కన ఒకటి చూశాం. గోడలు చెమ్మగా ఉన్నాయి, నిజమే, అయినా మా ఆయన ఇంట్లో అడుగుపెట్టింది మొదలు బయటికొచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నాడు. ఒక మనిషి అన్ని తుమ్ములు తుమ్మగలడని నాకు అప్పుడే తెలిసింది. కాలేజీ వైపు ఇంటాయన తలుపు తీస్తూనే నిబంధనలు చదివాడు. మేకు కొట్టకూడదు, పాట పెట్టకూడదు, చుట్టాలు రాకూడదు. "ఊపిరి పీల్చుకోవచ్చాండీ, లేక దానికీ వేళలున్నాయా?" అని నేనంటే మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చాడు.

రైలు కట్ట వెనక వాటా నాకు నచ్చింది. రైలొస్తే గిన్నెలు గలగలమంటాయి, అంతే. పైన డాబా, ఎదురుగా బస్సు. "బాగుంది కదా" అన్నాను. "చాలా బాగుంది" అన్నాడు. రెండ్రోజులు గడిచాక పెదవి విరిచి, "ఇంకెవరికో ఇచ్చేశారట" అన్నాడు. పోనీలే, మన రాత అనుకున్నాను.

తర్వాత పాత బజారు వీధి. కింద గుండీలూ దారాలూ అమ్మే దుకాణం, పైన రెండు గదులూ వంటిల్లూ. వంటింటి కిటికీ తెరిస్తే బజారంతా కాళ్ళ కింద. మూటలు దించేవాళ్ళ కేకలు, కూరగాయల మీద నీళ్ళు చల్లే చప్పుడు, బేరాలు, తిట్లు. మా ల్యాబు ఆ వీధి మలుపులోనే. అత్తయ్యకు అంగడి చేరువ, మెట్లు కూడా వెడల్పు. ఆ కిటికీ దగ్గర నిలబడి నేను కదల్లేదు. ఎక్కడ బల్ల వెయ్యాలో, ఎక్కడ బట్టలు ఆరెయ్యాలో మనసులో అప్పుడే సర్దేసుకున్నాను. "ఇదే" అన్నాను. "ఇదే" అన్నాడు ఆయన కూడా, నవ్వుతూ. దుకాణం నడిపే ఆవిడే ఇంటావిడ. నేను దారపు ఉండలు చూస్తుంటే మా ఆయన వెనక ఆగి ఆవిడతో ఏదో మాట్లాడాడు. ఖాయం చేస్తున్నాడు కాబోలు అనుకున్నాను. రెండ్రోజులకు మళ్ళీ అదే పాట, ఇంకెవరికో మాటిచ్చేసిందట ఆవిడ. ఆ పూట నేను అన్నం తినలేదు. ఆయనే కంచం తెచ్చి ముందు పెట్టి, "ఇంతకంటే మంచిది దొరుకుతుందిలే" అని బుజ్జగించాడు.

మాట నిలుపుకోలేదనుకుని ఆ ఇంటావిణ్ణి నేను తిట్టిన తిట్లు ఆవిడకు తగిలి ఉంటే పాపం మంచం పట్టేది. రోజూ మలుపుదాకా పనికొచ్చి కూడా ఆ దుకాణం వైపు తల తిప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం, "ఇవాళ ఇళ్ళొద్దు, అక్క టీకి రమ్మంది" అన్నాడు.

వాళ్ళక్క, అంటే మా వదిన, ఊరి చివర కొత్తగా లేచిన టవర్లలో ఉంటుంది. నేను లోలోపల ఆవిడకు పెట్టుకున్న పేరు అధ్యక్షులవారు. ఆవిడ మాట్లాడ్డం మొదలుపెడితే ఆ ఇంట్లో గడియారం కూడా ఆగి వింటుంది. ఆవిడ తానా అంటే తమ్ముడు తందానా. ఆవిడా, ఆవిడ భర్తా ఇద్దరూ ఉద్యోగస్తులు. కవల పిల్లలు, బడికి వెళ్ళే వయసు. వచ్చిన ప్రతి ఆయా నెల తిరక్కుండా పారిపోతుంది. పిల్లలు అంత చక్కనివాళ్ళు మరి.

టీ తాగాక అధ్యక్షులవారు లేచి, "ఎదురు ఫ్లాటుకు రంగులేస్తున్నారు, సరదాగా చూద్దాం రండి" అంది. సరదాకు ఎవరైనా రంగుల వాసన పీలుస్తారా? అయినా వెళ్ళాం. అత్తయ్య కూడా మెల్లగా మా వెనకే వచ్చింది. లోపల రంగులాయన నిచ్చెన మీదున్నాడు. నన్నూ వదిననూ కాదు, మా ఆయన్ని చూసి నవ్వాడు.

"వచ్చారా సార్. చిన్న గదికి మీరు చెప్పిన లేత పచ్చ వేసేశాను. పిల్లలు గీతలు గీసినా తుడుచుకోవచ్చు."

"ఏ పిల్లలు?" అన్నాను. మాకు పిల్లలు లేరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎవరి పిల్లలకు ఎవరు రంగులేయిస్తున్నారో నాకు అర్థం కాలేదు.

"ఈ మేడంగారి కవలలేనండీ" అన్నాడు రంగులాయన, పాపం ఏ పాపమూ ఎరగనట్టు. "బళ్ళోంచి రాగానే ఇక్కడే ఉంటారటగా. మీరే చూసుకుంటారని సార్ చెప్పారు. మీరు ఉద్యోగం మానేస్తున్నారట కదా."

మా ఆయన తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, ఇంకో టవరు తప్ప.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఇన్నాళ్ళూ మాటవరసకు వాడాను. నిజంగా ఎక్కుతుంది. మోకాళ్ళ దగ్గర ఆగదు, కడుపులో ఆగదు, సూటిగా పైకి వస్తుంది.

"ఏమండీ, ఇదేమిటి?" అన్నాను. అత్తవారి ముందు నేను ఆయన్ని 'మీరు' అనే పిలుస్తాను. అప్పటికి ఇంకా ఆ మాత్రం మర్యాద మిగిలే ఉంది.

సమాధానం అధ్యక్షులవారి నుంచి వచ్చింది. "ఇందులో అంత ఇదయ్యేదేముంది? మంచి ఏరియా. కింద పార్కు, పక్కనే ఆసుపత్రి, అమ్మకు లిఫ్టు. అందరం ఒకచోట ఉంటాం. రోజంతా ఆ మైనం వాసనలో, ఎవరెవరివో పళ్ళు ముందేసుకుని ఎన్నాళ్ళు కూర్చుంటావు చెప్పు?"

"నాకు విసుగేసే దాకా కూర్చుంటాను వదినా. మీకెందుకు విసుగేసింది?"

"అంత చెయ్యాలనుంటే ఇక్కడే ఏదో ఒకటి చూసుకోవచ్చు. పళ్ళు ఎక్కడైనా పళ్ళే."

"అవునవును. మీ పిల్లల్ని చూసుకునే ఆయా కూడా ఎక్కడైనా ఆయానే. ఒక్కరూ నిలవరేం మరి?"

వదిన మూతి ముడుచుకుంది. నిచ్చెన మీద రంగులాయన బ్రష్షు గాల్లో పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. దిగి పోదామంటే నిచ్చెన కాళ్ళ దగ్గర నేనే ఉన్నాను.

అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. అంతకుముందే విప్పి ఉంటే బాగుండేది, అసలు విప్పకపోయినా బాగుండేది. "ఊరికే ఆవేశపడకు. మేం అన్నీ ఆలోచించే చేశాం" అన్నాడు.

చిన్నప్పుడు ఎదుట నిలబడిన పక్కింటి పిల్లతో, "మేం ఆడుకోవడానికి వెళ్తున్నాం" అన్నాను నేను, మా అన్నయ్య పక్కన నిలబడి. ఆ పిల్ల బావురుమంది. మా అమ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టి, "మేం కాదే, మనం అను. మేం అంటే అది రాకూడదని కదూ!" అంది. అక్షరాలు రాకముందే నేర్చుకున్న పాఠం అది. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, అవతలికి నెడితే మేం. ఎంత పెద్ద అబద్ధాలకోరైనా వాక్యమంతా జాగ్రత్తగా కట్టుకుంటాడు కానీ ఈ చిన్న మాట దగ్గర జారతాడు. దీన్ని ఆలోచించి ఎవరూ అనరు. లోపల ఎవరున్నారో, ఎవరు లేరో, దాన్నిబట్టి దానంతటదే వచ్చేస్తుంది.

నా కాపురం గురించి, నా పని గురించి, నేను ఉండబోయే ఇంటి రంగు గురించి నా మొగుడు నాతో 'మేం' అన్నాడు.

"మేమంటే ఎవరెవరు?" అన్నాను.

"అంటే... మనమే" అన్నాడు.

"ఇప్పుడు దిద్దకు. మేమంటే ఎవరెవరో చెప్పు." నువ్వు వచ్చేసింది. వాళ్ళమ్మ ముందు, వాళ్ళక్క ముందు, రంగులాయన ముందు వచ్చేసింది. వెనక్కి తీసుకునే ఉద్దేశం నాకు లేదు.

నీళ్ళు నమిలాడు. "అక్కా, నేనూ, అమ్మా..."

"నన్ను కలపకురా అందులో" అంది అత్తయ్య, గుమ్మం దగ్గర నుంచి. "నాకూ ఇందాకే, టీ కలిపేటప్పుడు వంటింట్లో చెప్పారు ఏది నా గదో." నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆవిడే, "లిఫ్టు మాత్రం నాకు నచ్చిందమ్మా, ఉన్నమాట చెప్పాలిగా" అంది. ఆవిణ్ణి తప్పు పట్టలేను. మోకాళ్ళు ఆవిడవి.

"నాకు పెద్దాయన ల్యాబు ఇస్తానన్నప్పుడు సంబరపడ్డావే, అది నాటకమా?"

"నాటకం కాదు. నిజంగానే సంతోషం వేసింది."

"మరి అప్పటికే ఈ ఫ్లాటు మాట్లాడేశావా లేదా?"

వదిన అందుకుని, "అవన్నీ ఇప్పుడు ఈ రంగుల వాసనలో ఎందుకు, ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అంది. "ఏ ఇంటికి వదినా?" అన్నాను. చెప్పులేసుకుని లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగాను. మా ఆయన వెనకే దిగుతూ కారెక్కమన్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఆ చూపుకే ఆగిపోయాడు.

టవర్ల దగ్గర బస్సు, అది దిగితే రైలు, రైలు దిగితే ఇంకో బస్సు. ప్రతిచోటా నిలబడ్డమే. నిలబడిన ప్రతిచోటా లెక్క తేటతెల్లమవుతూ వచ్చింది. ఈ దారిన రోజూ పొద్దున వచ్చి ఎవరైనా ల్యాబు తలుపు తియ్యగలరా? నేను చేరేసరికి అచ్చులన్నీ ఎండిన తొక్కల్లా ఉంటాయి. నన్ను మానమని ఎవరూ అనక్కర్లేదు. ఆ ఫ్లాటుకు మారితే చాలు, నేనే నీరసపడి మానేస్తాను. 'నీ ఇష్టమే, నువ్వే మానేశావుగా' అని తర్వాత అందరూ అంటారు. ఎంత శుభ్రంగా ఆలోచించారు! తమలపాకుతో నువ్వొకటంటే తలుపుచెక్కతో నేనొకటంటా అన్నట్టు పోట్లాడే మనిషిని నేను. నాతో పోట్లాటే లేకుండా పని కానిచ్చేద్దామనుకున్నారు.

బస్సు బజారు దగ్గర ఆపితే దిగిపోయాను. అనుకుని దిగలేదు. ఆ గుండీల దుకాణం పైన ఏ మహానుభావులు చేరారో చూసి, కుళ్ళుకునైనా కాసేపు మనసు చల్లార్చుకుందామని వెళ్ళాను. చూస్తే కిటికీ మూసే ఉంది. కింద 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' బోర్డు అలాగే వేలాడుతోంది.

దుకాణంలోకి వెళ్ళి, "ఎవరికో మాటిచ్చేశారన్నారు?" అన్నాను.

ఇంటావిడ కళ్ళజోడు పైకి జరుపుకుని నన్ను పోల్చుకుంది. "మాటా? నేనెవరికీ ఇవ్వలేదే. మీ ఆయనే కదమ్మా వద్దన్నది. ఆ రోజు నువ్వు దారాలు చూస్తుంటే నా దగ్గరకొచ్చి, 'మేం ఇక్కడికి రాంలెండి, మాకు వేరేచోట కుదిరింది. ఆవిడ సరదాపడుతోందని తిప్పుతున్నాను, ఏమీ అనుకోకండి' అన్నాడు. మర్యాదగానే చెప్పాడు, పాపం."

మర్యాదగానే చెప్పాడట.

నేర్పుడు కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుని తామే నడుపుతున్నామనుకుంటారు. ఆయన నవ్వుతూ, బాగా నడుపుతున్నారు, బాగా నడుపుతున్నారు అంటూ కాలు బ్రేకు మీదే ఉంచుతాడు. నన్నూ అలాగే ఊరంతా తిప్పాడు. రైలు కట్ట వెనక వాటా కూడా ఇలాగే పోయి ఉంటుంది. ఆదివారాలన్నీ, నేను కిటికీలు తెరిచి చూసిన ప్రతి ఇల్లూ, నా చెవిలో పువ్వు. అన్నం మానేసి కూర్చున్న పూట కంచం తెచ్చి బుజ్జగించాడు చూడండి, అది గుర్తొచ్చేసరికి నాకు కళ్ళు తిరిగాయి. అబద్ధం ఆడితే ఆడాడు. ఆ అబద్ధం వల్ల నేను ఏడుస్తుంటే ఓదార్చడమేమిటి? ఆ చెయ్యి నా వీపు మీద ఎలా వేశాడు?

ఇంటావిడ భయపడి కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు. "ఆ వాటా నాకు కావాలండీ" అన్నాను.

"మీ ఆయన్ని ఒకసారి తీసుకురా అమ్మా."

"ఆయన చూశాడు కదండీ. ఎంత బాగా చూశాడో మీరే చెప్పారు."

"అది కాదు. ఒంటరి ఆడమనిషికి ఇవ్వాలంటే మాకూ..."

"నేను ఒంటరిదాన్ని కాదు, కోపంలో ఉన్నాను!" అని అరిచాను. గుండీలు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు తలెత్తి చూశారు. "ఇల్లు చూపించమంటే మొగుణ్ణి చూపించమంటారేమిటి? ఉండేది నేను. తలుపు వేసుకునేది నేను. ఈ వీధి మలుపులో పళ్ళ ల్యాబు ఉంది కదా, వానాకాలం నుంచి దాని తలుపు తీసేది నేను. నా గురించి అడగాలంటే అక్కడికెళ్ళి అడగండి."

ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది. "కోపంలో ఉన్నావా" అంది చివరికి. "అలా అయితే పర్లేదు. మా ఆయన పోయి పదేళ్ళయింది, నా కోపం ఇంకా దిగలేదు." గల్లా పక్కన మేకుకున్న తాళం చెవి తీసి బల్ల మీద పెట్టింది. "మెట్ల మీద గట్టిగా అరవకు, కొనడానికొచ్చినవాళ్ళు బెదిరిపోతారు."

నేను రెండు పెట్టెలు సర్దుకుని మర్నాడే వచ్చేశాను. వచ్చేటప్పుడు మా ఆయనతో చెప్పే వచ్చాను, దొంగచాటుగా ఏమీ రాలేదు. "బజారు వీధికి వెళ్తున్నాను. ఆ ఇల్లు ఎవరికీ ఇవ్వలేదు" అన్నాను. ముఖం పాలిపోయింది. ఏదో అనబోయాడు, పెట్టె పట్టుకోబోయాడు. పట్టుకోనివ్వలేదు.

ఆ వారంలో వదిన ఫోను చేసింది. తియ్యలేదు. మా అమ్మ చేసింది. తీశాను. "కాపురమన్నాక కాస్త సర్దుకోవాలే తల్లీ" అంది. "సర్దుకునే వచ్చానమ్మా, రెండు పెట్టెలు" అన్నాను. అప్పుడు అమ్మ, "మేకులున్నాయా గోడకి, బట్టలు తగిలించుకోవడానికి?" అని అడిగింది. ఉన్నాయని చెప్పి పెట్టేశాను.

పెద్దాయనకు కూడా చెప్పాను, తలుపు తీసేది నేనేనని. ఆయన సరేనని తలూపి మళ్ళీ మైనంలో పడ్డాడు. వానాకాలం దాకా ఆగడమెందుకని నేను ఆ వారం నుంచే పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టాను.

మా ఆయన వచ్చింది అలా నేను పనికి బయలుదేరుతున్న పొద్దుటే. తలుపు తీస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బట్టల సంచి. గడ్డం పెరిగింది. నిద్ర లేని కళ్ళు. నన్ను చూసి గబగబా లేచాడు.

"నేనూ ఇక్కడికే వచ్చేస్తాను" అన్నాడు. "ఆ ఫ్లాటు వద్దని అక్కతో చెప్పేశాను. అమ్మ అక్క దగ్గర ఉంటానంది. పెద్ద గొడవైంది. అయినా చెప్పేశాను."

ఇన్ని రోజులుగా నేను వినాలనుకున్న మాట అదే. తీరా వింటే కోపం కించిత్తు కూడా తగ్గలేదు. ఎందుకో తెలియక అడిగాను. "అసలు ఒప్పుకున్నదెందుకు?"

"అక్క అడిగింది. ఇల్లు మారుతున్నారట కదా, ఎక్కడుంటారురా అంది. అక్కా, నువ్వెక్కడంటే అక్కడే అన్నాను. అదే పట్టుకుని ఫ్లాటు మాట్లాడేసింది. ఆ తర్వాత నువ్వు వచ్చి ల్యాబు సంగతి చెప్పావు. నీతోనూ అదే అన్నాను. నువ్వెక్కడంటే అక్కడే అని." చేతులు నలుపుకున్నాడు. "రెండూ నిజంగానే అన్నాను. ఎవర్నీ నొప్పించడం ఇష్టం లేక..."

ఇంతేనా! ఇన్నాళ్ళూ నేను దీన్ని పెద్ద కుట్ర అనుకున్నాను. ఆయనకు టవర్ల మీద మోజుందేమో, అక్క పిల్లల మీద ప్రేముందేమో, నా పని మీద ఓర్వలేనితనముందేమో, ఏదో ఒకటి ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. తనకు కావలసిన దానికోసం నన్ను మోసం చేసి ఉంటే అదో రకం. ఆ కావలసినదాన్ని తిట్టుకునేదాన్ని, దాంతో పోట్లాడేదాన్ని. ఏమీ అక్కర్లేకుండానే నా బతుకు తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టాడు, వాళ్ళు గట్టిగా అడిగారని. ఇవాళ నేను గట్టిగా అడుగుతున్నానని నా మెట్ల మీదికొచ్చాడు. రేపు ఇంకెవరైనా నాకన్నా గట్టిగా అడిగితే?

"నీకెక్కడ ఉండాలనుంది?" అన్నాను.

"చెప్పాను కదా, ఇక్కడే."

"నేనిక్కడున్నానని కాదు. నేను లేననుకో, మీ అక్క లేదనుకో. ఇంత ఊరుంది. నీకంటూ ఏ వీధి ఇష్టం? ఏ ఇల్లు చూసినప్పుడు, ఇందులో ఉంటే బాగుణ్ణు అనిపించింది?"

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆ మాత్రం నేను చూడగలను. బజారు వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. మూటల బండి ఒకటి వెళ్ళేదాకా ఆగాడు. ఆయన ముఖం చూస్తుంటే జాలేసింది. ఆ జాలి నా నోరు నొక్కేలోపే మళ్ళీ అడిగాను. "చెప్పు. తప్పైనా ఫర్వాలేదు. దూరమైనా ఫర్వాలేదు. టవర్లన్నా సరే. నీ నోటితో ఒక్క చోటు పేరు చెప్పు, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం."

"నాకు తెలీడం లేదు" అన్నాడు, చిన్న గొంతుతో. తర్వాత నా ముఖంలోకి చూసి, ఆశగా, ఎంతో ప్రేమగా, "నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పలేదు. తలుపుకు తాళం వేసి, ఆయన సంచిని దారికి అడ్డం లేకుండా గోడవారకు జరిపి, మెట్లు దిగాను. అచ్చులు వచ్చే వేళైంది. వీధి మలుపుదాకా ఏడుస్తూనే నడిచాను, కూరగాయలవాళ్ళు చూస్తున్నా తుడుచుకోకుండా.